రెండు హారన్లు

ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో వరహాలమ్మ చెవులతోనే బతుకు నేర్చుకుంది. అరకు కొండల సొరంగాలన్నీ దాటి, కొత్త పెళ్లికూతురుగా రైలు దిగిన రోజు ఆమెకు వచ్చిన భాష తెలుగొక్కటే. ఇప్పుడు సంతలో హల్బీలో బేరమాడుతుంది. రేషన్ దుకాణంలో హిందీలో దెబ్బలాడుతుంది. చింతపండు తెచ్చే హుంగేతో గోండీలో వేళాకోళమాడుతుంది. ఏదీ పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. ఆమెకు చదువు రాదు. ఒక్క అక్షరమూ రాదు. అది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. అవసరం పడక అందరూ మరిచిపోయిన సంగతి కూడా.

కొండ మీద సైరన్ మోగితే ఏ షిఫ్టు దిగుతోందో చెబుతుంది. గనిలో మందు పేలినప్పుడు గూట్లో పళ్లేలు అదిరే చప్పుడు విని ఏ వైపు పేల్చారో చెబుతుంది.

భర్త చిన్నారావు ఆ కొండ మీద ఇనుపరాయి మోసే డంపర్ నడిపేవాడు. అక్కడ మనిషి మాట మనిషికి వినపడదు. బండ్లు హారన్‌తో మాట్లాడుకుంటాయి. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే ముందుకు. మూడు కొడితే వెనక్కి.

ఎర్రదుమ్ముతో పాటు ఆ అలవాటు కూడా ఇంటికి వచ్చింది. సందు మలుపులో స్కూటర్ హారన్ రెండుసార్లు మోగేది. వరహాలమ్మ ఏ పనిలో ఉన్నా వదిలి వెళ్లి గేటు తీసేది. అన్నం తినేటప్పుడు పళ్లెం అంచు మీద వేలితో రెండు కొడితే ఇంకాస్త వడ్డించాలి. ఒకటి కొడితే చాలు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. పిలవాల్సిన పని హారన్ చూసుకుంది.

"నాను మనిషినా, డంపర్నా?" అని ఆమె కొత్తలో కోప్పడింది.

"డంపరైతే ఎదురు మాటాడదు," అన్నాడు చిన్నారావు.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ వదిలి, ఊరి చివర రేకుల ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లోకి వచ్చిన వానాకాలంలోనే అతని గొంతు బొంగురుపోయింది. దుమ్మువల్ల అనుకున్నారు. మిరియాల కషాయం తాగాడు. బొంగురు తగ్గలేదు. దసరా నాటికి మాట చివర గాలి మాత్రమే మిగిలేది.

జగదల్‌పూర్ పెద్దాసుపత్రి డాక్టర్ గొంతులోకి సన్నటి దీపం పంపి చూశాడు. మాటపెట్టె మీద కంతి ఉంది. కోసి తీసేయాలి. అంచుల్లోనే ఉంది కాబట్టి భయం లేదు. కానీ కొన్ని వారాలు మెడకు రంధ్రం పెట్టి, గొట్టంలోంచి ఊపిరి పీల్చుకోవాలి. అన్నాళ్లూ మాట ఉండదు.

"ఆ తర్వాత వస్తుంది," అన్నాడు డాక్టర్. "ఎలాంటి మాట వస్తుందో ఇప్పుడే చెప్పలేను. అంతవరకు ఏం కావాలన్నా రాసి చూపిస్తారు."

పక్కన కూర్చున్న కూతురు అమ్ము తలాడించింది. ఆమె బచేలిలో బడిపంతులమ్మ. "కాగితాలు ఎక్కడ పట్టుకుంటాం నాన్నా, ఒక ట్యాబ్ కొందాం. వేలితో రాసి చూపిస్తే చాలు," అంది.

వరహాలమ్మ కూడా తలాడించింది. రాసేది ఎవరో అందరూ చెప్పారు. చదివేది ఎవరో ఎవరూ అడగలేదు. బడికి సెలవు దొరకదు కాబట్టి అమ్ము ఆదివారాలే రాగలదు. మంచం పక్కన రాత్రీ పగలూ ఉండేది తనే. అతనికి ఎక్కడ నొప్పో, ఏం కావాలో పలక లాంటి దాని మీద రాసి తన మొహానికి ఎదురుగా పెడితే ఏం చేస్తుంది? కొత్తగా రైలు దిగిన పిల్లలా నిలబడుతుంది. అది చెప్పడానికి ఆ గదిలో ఆమెకు నోరు రాలేదు.

ఆసుపత్రి నుంచి తిన్నగా దుకాణానికి వెళ్లారు. అభిషేక్ అనే కుర్రాడి దుకాణం అది. వాళ్ల అమ్మమ్మది తెలుగు మాట్లాడే మద్దేడ్ వైపు. అందుకని తెలుగు కొంత వచ్చు. అద్దాల బల్ల మీద చిన్నవీ పెద్దవీ ట్యాబ్‌లు పరిచాడు.

చిన్నారావు బండ్ల వరసను చూసినట్టు చూశాడు. అన్నిటికంటే పెద్దదాని మీద చెయ్యి వేశాడు.

"ఇది," అన్నాడు. గాలి ఎక్కువ, మాట తక్కువ.

"ఎందుకు నాన్నా అంత పెద్దది?"

"సిన్న బండి కొన్నోడు ఎనక్కి సూసుకుని ఏడుస్తాడు."

"ఇది బండి కాదు నాన్నా."

"ఏదైనా ఒకటే. కొనేముందు లోడు ఏసి సూడాల." దుకాణంలో గోడ వారగా బల్ల ఒకటి ఉంది. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూర్చునేది. చిన్నారావు అక్కడున్నవాళ్లను చేత్తోనే జరగమని సైగ చేసి, చెప్పులు విడిచి వెల్లకిలా పడుకున్నాడు. ఎడమ చెయ్యి కదలకుండా పక్కన పెట్టుకున్నాడు. "ఈ సేతికి సెలైనుంటాది. ఇప్పుడియ్యి."

అభిషేక్ అమ్ము వైపు చూశాడు. అమ్ము ముఖం దాచుకుంది. పెద్ద ట్యాబ్‌ను ఒక్క చేత్తో మొహం మీదకి ఎత్తి పట్టుకున్నాడు చిన్నారావు. కాసేపు బాగానే ఉంది. తర్వాత మణికట్టు వణికింది. ట్యాబ్ వచ్చి ముక్కు మీద పడింది.

"ఓలమ్మో!" అంది వరహాలమ్మ. "ఆపరేషను గొంతుకా, ముక్కుకా?"

దుకాణమంతా నవ్వింది. చిన్నారావు లేచి ముక్కు తడుముకుని, పెద్దదాన్ని పక్కకి నెట్టాడు. అరచెయ్యి కంటే కొంచెం పెద్దది తీసుకుని మళ్లీ పడుకున్నాడు. అది నిలిచింది. దాని తొడుగు వెనక్కి మడిస్తే కాలులా నిలబడుతుంది కూడా. పొట్ట మీద నిలబెట్టుకుని తృప్తిగా చూశాడు.

అమ్ము అందులో తెల్లటి పేజీ తెరిచింది. "రాసి చూడు నాన్నా."

అతను వేలితో నెమ్మదిగా ఏదో రాశాడు. భార్య వైపు తిప్పాడు.

వరహాలమ్మ చూసింది. నల్లటి గీతలు, ఒక చుక్క, ఒక వంకర. దుకాణంలో అందరూ ఆమెనే చూస్తున్నట్టు అనిపించింది.

"బాగుంది," అంది.

చిన్నారావు చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అతను రాసింది 'నీళ్లు' అని. దానికి జవాబు బాగుంది అని కాదు. ఆమె కళ్లు కిందికి దిగడం చూశాడు. ట్యాబ్‌ను తన వైపు తిప్పుకుని, రాసిందంతా అరచేత్తో తుడిచాడు. అద్దం మీది దుమ్ము తుడిచినట్టు.

బల్ల మీంచి లేచి అభిషేక్ దగ్గరికి వెళ్లాడు.

"ఇది మాటాడతాదా?"

"మాట్లాడుద్ది అంకుల్. మీరు రాస్తే చదివి వినిపిస్తది. హిందీ, తెలుగు, ఏదైనా." ఏదో నొక్కాడు. ట్యాబ్‌లోంచి ఒక ఆడగొంతు చక్కగా, చల్లగా, "నాకు నీళ్లు కావాలి," అంది.

వరహాలమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవుత్తది? నా మొగుడి మంచం మీంచి ఎవుత్తో నీళ్లడిగితే నానివ్వను. సెప్తున్నాను."

ఈసారి చిన్నారావు కూడా నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

నవ్వుతుండగానే, నాన్న అలా ఎందుకు అడిగాడో అమ్ముకు అర్థమైంది. ఆమె తల్లి ముఖంలోకి చూడలేకపోయింది. అమ్మ ముందు తెల్ల పేజీ పెట్టింది తనే. అభిషేక్‌ను అడిగింది. "బొమ్మ నొక్కితే మాట వచ్చేలా చేయొచ్చా? మా నాన్న మాటే. ఇప్పుడే చెప్పించి దాచుకుంటే?"

"చేయొచ్చు మేడమ్. మాటలు రాని పిల్లలకి అలాంటిది ఉంది. మన ఫొటోలు, మన గొంతు ఎక్కించుకోవడమే."

అప్పుడు అసలు బేరం మొదలైంది. వరహాలమ్మ ముందుకొచ్చింది. ఒక్కొక్క ట్యాబ్‌నూ మాట్లాడించమంది. ఒకదాని గొంతు రేకుడబ్బాలో రాయిలా ఉంది. ఒకదాన్ని ఆమె తన చీర కొంగు మీద పెట్టి వింది. వీపు వైపున్న స్పీకరు బట్టలో మునిగి మాట నానిపోయింది. "దుప్పటి మీద పెడితే సచ్చిపోతాది ఇది," అంది. ముక్కు మీద పడకుండా నిలిచిన ఆ చిన్నదానికి రెండు పక్కలా స్పీకర్లున్నాయి. దాన్ని బల్ల మీద పెట్టించి, రోడ్డు మీదికి వెళ్లి నిలబడి వింది. లారీ ఒకటి వెళ్తోంది. అయినా వినిపించింది.

"ఇదే," అంది. చిన్నారావు తలాడించాడు.

గొంతు ఉండగానే ఎక్కించాలి. మర్నాడు అమ్ము ఇంట్లో వస్తువులన్నిటికీ ఫొటోలు తీసింది. స్టీలు గ్లాసు. తలగడ. ఫ్యాను. దుప్పటి. ఏడుపు మొహం పెట్టమంటే చిన్నారావు పెట్టాడు, అది నొప్పికి. నర్సుకు వినిపించాల్సినవి రెండో పేజీలో, హిందీలో.

చిన్నారావు వాకిట్లో కుర్చీ వేసుకుని, ట్యాబ్‌ను నోటి దగ్గర గని వాకీటాకీలా పట్టుకున్నాడు. ఉన్న గొంతంతా కూడగట్టి అరిచాడు.

"నీళ్లు కావాల! ఓవర్!"

వంటింట్లోంచి వరహాలమ్మ, "కిరండూల్‌కంతటికీ దాహమేసినట్టుంది," అంది.

"నాన్నా, ఓవర్ అక్కర్లేదు. మెల్లగా చెప్పు."

"సరే. నీళ్లు కావాల. ఓవర్."

అమ్ము చెరిపింది. మళ్లీ చెప్పించింది. మాట అవగానే అతని నోరు దానంతటదే ఆ ముక్క పలికేది. గనిలో అది పలకకపోతే మాట పూర్తికాదు. అవతలివాడు ఎదురు చూస్తూనే ఉంటాడు. చివరికి కూతురే ఓడిపోయింది. అన్ని బొమ్మల వెనకా ఓవర్ ఉండిపోయింది.

"అమ్మని పిలవడానికి కూడా ఒకటి చెప్పు నాన్నా. అమ్మ ఫొటో పెడతాను."

వంటింట్లో గరిటె ఆగింది.

"పక్కనే ఉంటాది కదేటి," అన్నాడు చిన్నారావు. "పిలవడమెందుకు?"

గరిటె మళ్లీ కదిలింది.

ఆపరేషను బాగా జరిగింది. మూడోనాడు వార్డుకు తెచ్చారు. మెడలో గొట్టం, ముక్కులో ఇంకో సన్నటి గొట్టం. కళ్లు తెరిచి అతను మొదట చేసిన పని, పొట్ట మీద నిలబెట్టిన ట్యాబ్ కేసి వేలు చాపడం. స్టీలు గ్లాసు నొక్కాడు.

"నీళ్లు కావాల! ఓవర్!"

వార్డంతా ఇటు తిరిగింది. వరహాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి గ్లాసు అందుకుంది. నర్సు ఊర్మిల పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. నోటితో నీళ్లు తాగకూడదట. డాక్టర్ చెప్పేవరకూ చుక్క కూడా. ఏదైనా ముక్కు గొట్టంలోంచే.

అన్నిటికంటే ముందు, అన్నిటికంటే గట్టిగా ఎక్కించిన మాట. అదే పనికిరాలేదు. చిన్నారావు గ్లాసు బొమ్మను కాసేపు చూసి, తలగడ నొక్కాడు. తలగడ సర్దింది. ఏడుపు మొహం నొక్కాడు. నర్సు మందు ఇచ్చింది. రెండో పేజీలో నర్సును రమ్మనే "సిస్టర్‌జీ, ఇధర్ ఆయియే. ఓవర్" వినిపించినప్పుడల్లా ఊర్మిల వార్డు అవతలి కొసనుంచి, "ఆతీ హూఁ అంకుల్, ఓవర్!" అని, వస్తున్నానంటూ అరిచేది. రోగులు ఎదురుచూసేవాళ్లు ఆ అరుపు కోసం.

పక్క మంచం మీద సుక్రాం. తాటిచెట్టు మీంచి పడి తొడ విరిగింది. అతన్ని చూసుకోవడానికి అక్క లక్కే దోర్నపాల్ దగ్గర పల్లెనుంచి వచ్చింది. వాళ్ల ఇంటి మాట దోర్లి. తెలుగు దానికి పొరుగు మాట. రెండో రోజుకే వరహాలమ్మను అక్కా అనీ, చిన్నారావును బావా అనీ వరస కలిపేసింది.

"ఏందక్కా, మీ ఆయన పెట్టెల జొచ్చి అరుస్తుండు?" అంది.

"బయట అరిసి అరిసి అలిసిపోనాడు. ఇప్పుడు పెట్టెలోంచి అరుస్తున్నాడు," అంది వరహాలమ్మ.

"మా తమ్మునికి గూడ ఒకటి గొనాలె. కాని వాని నోరు మూసే పెట్టె గావాలె."

సుక్రాం పడుకునే, "నీ నోటికి లేదా పెట్టె?" అన్నాడు.

రోజులు తేలికపడ్డాయి. చిన్నారావు కుర్చీలో కూర్చుంటున్నాడు. దగ్గినప్పుడు గొట్టంలో చేరే కఫాన్ని ఊర్మిల మిషను పెట్టి లాగేస్తోంది. వరహాలమ్మకు ఆ గొట్టం చప్పుడు కూడా అర్థమైపోయింది. శుభ్రంగా ఉంటే సన్నటి ఈల. కఫం చేరితే గులకరాళ్ల గలగల.

ఒక మధ్యాహ్నం ఈల బాగానే ఉంది. అతను నిద్రపోతున్నాడు. ఆమె టిఫిను గిన్నెలు తీసుకుని, వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆడవాళ్ల వరస ఉంది. ఏవో కబుర్లు.

చిన్నారావుకు మెలకువ వచ్చింది. గాలి రావడం లేదు. ఛాతీ లేస్తోంది, లోపలికేమీ పోవడం లేదు. ట్యాబ్ అందుకున్నాడు. నర్సు రెండో పేజీలో ఉంది. వేలితో పేజీ జరిపాడు. వేళ్లకు చెమట. పేజీ కదల్లేదు. మళ్లీ జరిపాడు. కదల్లేదు. వేలు జారి ఫ్యాను బొమ్మ మీద పడింది.

"ఫ్యానెయ్యి! ఓవర్!"

లక్కే చూసింది. "తిరుగుతనే ఉంది గద బావా. ఇంక పెంచాల్నా?" లేచి స్విచ్చు దగ్గరికి వెళ్లి ఫ్యాను పెంచింది. గాలి గది నిండా తిరిగింది. అతని గొట్టంలోకి తప్ప.

ఆ తెర మీద వరహాలమ్మ లేదు. పిలవడానికి ఏ బొమ్మా లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, పిలవడమెందుకు అన్నది అతనే.

చిన్నారావు బొటనవేలు ఫ్యాను మీద పెట్టాడు. నొక్కి, మాట మొదలవుతూనే మళ్లీ నొక్కి తెంచాడు. మళ్లీ అలాగే.

"ఫ్యా! ఫ్యా!"

ఆగాడు. మళ్లీ.

"ఫ్యా! ఫ్యా!"

వరండా చివర, కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. వరహాలమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. ఆ గొంతు తెలుసు. అది అడుగుతున్నది గాలి కాదనీ, నీళ్లు కాదనీ తెలుసు. ఏం జరిగిందో తెలియదు. కానీ సందు మలుపులో రెండు మోగాక ఆమె ఏనాడూ కూర్చుని ఉండలేదు.

గిన్నె వదిలేసి పరుగెత్తింది. దారిలో మందుల గది తలుపు బాది, "ఊర్మిలా, బేగి రా!" అని అరిచింది. తెలుగులోనే అరిచింది. ఊర్మిల మిషను తోసుకుంటూ వెనకే వచ్చింది. గొట్టం లోపలి గొట్టాన్ని ఊడదీసి, కఫం లాగింది. గలగల. తర్వాత పొడుగ్గా, సన్నగా, ఈల.

చిన్నారావు కళ్లు మూసుకుని పీల్చుకున్నాడు. వరహాలమ్మ అతని ఛాతీ మీద తడిచెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

లక్కే ఇంకా స్విచ్చు దగ్గరే ఉంది. "ఫ్యానంటే ఫ్యానే అనుకుంటి అక్కా," అంది. "నీకెట్ల తెలిసె?"

"రెండు కొట్నాడు," అంది వరహాలమ్మ.

లక్కేకి అర్థం కాలేదు. సాయంత్రం వరకూ కూర్చుని చెప్పించుకుంది. ఆ తర్వాత వార్డులో సుక్రాం కూడా కర్రతో మంచం కోడును రెండుసార్లు కొట్టడం మొదలుపెట్టాడు. లక్కే వెళ్లేది కాదు. "నేను డంపర్ను గాదురా," అనేది.

ఆదివారం అమ్ము వచ్చి అంతా వింది. తర్వాత ట్యాబ్ తీసుకుని నర్సు బొమ్మను మొదటి పేజీకి మార్చింది. గ్లాసు బొమ్మ తీసేసింది. ఆ ఖాళీలో తల్లి ఫొటో పెట్టింది. దాని వెనక పెట్టడానికి మాట కావాలి. నాన్న గొంతు ఇప్పుడు లేదు.

"నేను చెప్పనా నాన్నా? అమ్మా అని?"

చిన్నారావు తల అడ్డంగా ఊపాడు.

"మరేం పెట్టాలి?"

అతను వరహాలమ్మ కేసి చూశాడు. ఆమె బత్తాయి వొలుస్తోంది. తనకే, అతను తినకూడదు.

"ఒగ్గేయే," అంది. "ఆ ఫ్యాను సాల్లే. అలవాటైపోనాది."

ఫొటో మాత్రం ఉంచారు. నొక్కితే ఏమీ వినిపించదు. అతను అప్పుడప్పుడు దాన్ని నొక్కేవాడు.

చలి తిరిగే రోజుల్లో డాక్టర్ ముక్కు గొట్టం తీసేశాడు. మెత్తటి జావ తాగించారు. ఇంకొన్నాళ్లకు ఒక పొద్దున వచ్చి, మంచం అంచున కూర్చున్నాడు. ఊర్మిల పక్కన నిలబడింది. లక్కే, సుక్రాం అటు తిరిగి చూస్తున్నారు. తల పక్కన గూట్లో ట్యాబ్ చార్జింగులో ఉంది.

"గొట్టం మీద నా వేలు పెడతాను," అన్నాడు డాక్టర్ హిందీలో. "గాలి పైకి వస్తుంది. ఏదో ఒకటి అనండి. ఏదైనా సరే. తొందర లేదు."

చిన్నారావు పెదవులు తడుపుకున్నాడు. డాక్టర్ వేలు పెట్టాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత గాలిలో ఇసుక. ఇంకోసారి ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి.

"ఫ్యా."

అది పాత గొంతు కాదు. తలుపు బందు తుప్పు వదిలినట్టుంది. కానీ పెట్టెలోంచి వచ్చింది కాదు.

అతను ఊపిరి తీసుకున్నాడు. కళ్లు వార్డంతా వెతికాయి. వరహాలమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరి వెనకా నిలబడి ఉంది.

"ఫ్యా," అన్నాడు మళ్లీ.

డాక్టర్ నవ్వి, స్విచ్చు వేయమని ఊర్మిలకు సైగ చేశాడు.

"ఫ్యాను కాదు బాబూ," అంది వరహాలమ్మ, అందర్నీ జరుపుకుంటూ ముందుకొస్తూ. "నన్ను."